తాబేళ్ల ఆఫీసులో ఉద్యోగం ఎలా సంపాదించాలి: ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు పిల్లలకు

పెళ్లిళ్లలో మా పెద్దమ్మ నన్ను పరిచయం చేసే తీరు ఒకటుంది. "మావాడు తాబేళ్ల ఆఫీసులో పని" అంటుంది. అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి, "గవర్నమెంటేనా?" అని అడుగుతారు. పదిహేనేళ్లయినా ఆ ప్రశ్నకి నా దగ్గర సూటి జవాబు లేదు. కొన్నాళ్లు ప్రాజెక్టు ఉద్యోగం, కొన్నాళ్లు స్వచ్ఛంద సంస్థ, మధ్యలో రెండేళ్లు పార్కు పని, ఇప్పుడు తాబేళ్లని, అడవుల్ని కాపాడడం గురించి ఊళ్లు తిరిగి మాట్లాడే పని. తాబేళ్ల ఆఫీసని ఎక్కడా బోర్డు లేదు గానీ, పెద్దమ్మ పెట్టిన పేరే బాగుందని ఊరుకున్నాను.

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం నుంచి పిల్లలు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈ లైన్లోకి ఎలా రావాలి?" అంటుంటారు. ఒక్కొక్కరికి ముక్కలుగా చెప్పిందాన్ని ఇక్కడ వరసలో పెడుతున్నాను. ముందే ఒక మాట. ఈ పనిలో జంతువులతో గడిపే సమయం తక్కువ, మనుషులతో మాట్లాడే సమయం ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండెక్కితే సవర వినపడే చోట పుట్టినవాళ్లకి ఇది కలిసొచ్చే సంగతి. ఆ భాషల్ని కాగితం మీద పెట్టలేకపోతే అదే మన మెడకి చుట్టుకుంటుంది కూడా.

1. ముందు ఒక్క చోటు ఎంచుకోండి

కోర్సుల గురించి తర్వాత. మీ ఇంటి నుంచి ఒక పూటలో వెళ్లి రాగలిగే చోటు ఒకటి పట్టుకోండి. మనకి కొదవ లేదు. గంజాం వాళ్లకి రుషికుల్య ముఖద్వారం ఉంది, పురుణాబంధ, గోఖరకుడా, పొడంపేట పక్కన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక. భేట్నోయి, బలిపదర్ వైపు పొలాల్లో కృష్ణజింకలు. రంభ దగ్గర చిలికా దక్షిణపు కొస. గజపతి వాళ్లకి 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది, 2022లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. లఖారి లోయ అభయారణ్యం ఉంది, శ్రీకాకుళం పొలాల్లోకి దిగిన ఏనుగులు ఆ వైపు నుంచి వచ్చినవే. కొరాపుట్ వాళ్లకి గుప్తేశ్వర్ అడవి, 2024లో అదీ వారసత్వ స్థలమైంది.

అన్నీ చూడాలనుకోవద్దు. ఒక్కదాని దగ్గరికి ఏడాది పొడుగునా, నెలకి రెండుసార్లయినా వెళ్లండి. ఎందుకంటే, 2024లో రుషికుల్య దగ్గర తాబేళ్లు గుంపులుగా ఒడ్డెక్కనే లేదు. 2025 ఫిబ్రవరిలో ఆరున్నర లక్షలకి పైగా వచ్చాయి. మొదటి ఏడాది మాత్రమే చూసినవాడు "అంతా అయిపోయింది" అంటాడు. రెండో ఏడాది మాత్రమే చూసినవాడు "బెంగలేదు" అంటాడు. ఇద్దరికీ మైకు ఇవ్వకూడదు.

ఒక నోట్‌బుక్ కొనండి. ఫోన్లో రాసుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు, సముద్రపు తేమకి, తడి చేతులకి ఫోన్ స్క్రీన్ మాట వినదు. పెన్నూ వద్దు, పెన్సిల్. తేదీ, వెళ్లిన టైమ్, వచ్చిన టైమ్, ఎంత దూరం నడిచారు, గాలి ఎటు, ఏం కనిపించింది, ఎన్ని. ఏమీ కనిపించకపోతే "ఏమీ లేదు" అని రాయండి. ఈ చివరిది చాలామంది రాయరు, కానీ లెక్క కట్టేవాడికి సున్నా కూడా అంకే కదా, అది లేకపోతే మిగతా అంకెలకి అర్థం ఉండదు. చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేలు కనిపిస్తే ముట్టుకోకుండా చూడండి. తోక పెంకు దాటి బాగా బయటికి ఉంటే మగది, పొట్టిగా లోపలే ఉంటే ఆడది. పెంకు మీద పడవ ప్రొపెల్లర్ కోతలున్నాయా, వల తాడు చుట్టుకుందా రాసుకోండి. పిట్టలైతే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించండి, ఉచితమే. జనవరిలో చిలికాలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. అప్పటికి కనీసం నలభై రకాలు గుర్తుపట్టగలిగితే ఎవరో ఒకరు మిమ్మల్ని పడవలో కూర్చోబెట్టుకుంటారు.

నాకు మొదటి ఉద్యోగం ఇచ్చినాయన మార్కుల లిస్టు చూడలేదు. ఉప్పునీటి మరకలున్న నా నోట్‌బుక్ పావుగంట తిరగేశాడు.

2. ఒడియా కాగితం సంపాదించండి

అందరికంటే ఎక్కువ దెబ్బ తినేది మనం ఇక్కడే. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. "వచ్చు" అంటే చాలదు, రుజువు చూపాలి. ఏడో తరగతి ఒడియా ఒక భాషగా ప్యాసై ఉండాలి, లేదా మెట్రిక్‌లో భాషేతర సబ్జెక్టులు ఒడియా మాధ్యమంలో రాసి ఉండాలి, లేదా మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్షని సెకండరీ బోర్డు నిర్వహించినప్పుడు రాసి ప్యాసవ్వాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు, సరిహద్దు దాటి ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో హాస్టల్లో ఉండి చదివినవాళ్లు ఈ మూడిట్లో ఏదీ లేకుండానే డిగ్రీ దాకా వచ్చేస్తారు. నోటిఫికేషన్ పడ్డాక గుర్తొస్తుంది. అప్పుడు అందదు.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు జరిగింది అదే. సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఒక ఆఫీసులో గుమస్తా నా కాగితాలు రెండుసార్లు తిప్పి, ఒడియా పరీక్ష సర్టిఫికెట్ ఏదని అడిగాడు. నేను ఒడియాలోనే గడగడా సంజాయిషీ చెప్పాను. ఆయన నవ్వి, "నువ్వు నాకంటే బాగా మాట్లాడుతున్నావు, కాగితం ఏది?" అన్నాడు. వెనక్కొచ్చేశాను. కనుక పదహారేళ్లకో పదిహేడేళ్లకో, ఉద్యోగం ఆలోచన లేనప్పుడే, ఆ పరీక్ష రాసి పడేయండి.

రాయడం గురించి కూడా. మనకి బజారు ఒడియా వస్తుంది, చేపల బేరం ఆడగలం. అర్జీ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. రోజూ ఒడియా పేపర్లో ఒక్క వార్త చూసి రాయండి, ఆరు నెలల్లో చెయ్యి తిరుగుతుంది. మాట తీరు కూడా సరిచూసుకోండి. బజారులో అలవాటైన "తుమె" రేంజర్ దగ్గర నోరు జారితే మొహం మాడ్చుకుంటారు, అక్కడ "ఆపణ" అనాలి. మనం "నువ్వు", "మీరు" దగ్గర ఎంత పట్టింపుగా ఉంటామో వాళ్లూ అంతే.

గజపతి, రాయగడ వైపు పని చేద్దామనుకుంటే సవర కూడా మొదలుపెట్టండి. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. ఆయన జయంతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని మనం దండలు వేస్తాం. అదే పర్లాకిమిడిలో పుట్టి సవరలో "నీళ్లు" అనడం తెలియనివాళ్లం ఎంతమందిమో. నాకూ చాలా ఏళ్లు తెలియదు, సిగ్గుపడే చెబుతున్నాను.

3. చదువు

ఇక్కడ ఎక్కువ చెప్పను, వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. సైన్స్ తీసుకుని బోటనీ, జువాలజీతో డిగ్రీ చేస్తే ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఫారెస్ట్రీ కాలేజీ ఉంది. బరంపురం విశ్వవిద్యాలయంలో మెరైన్ సైన్సెస్ విభాగం ఉంది, తీరం మీద పనికి అది మన గుమ్మంలోనే ఉన్నట్టు. కొరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్యం మీద ప్రత్యేక విభాగమే ఉంది. పీజీ తర్వాత గానీ, పీజీగా గానీ దేహ్రాదూన్ వన్యప్రాణి సంస్థ వైపు చూడొచ్చు, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

ఆర్ట్స్ చదివినవాళ్లు దిగులు పడొద్దు. ఊళ్లతో మాట్లాడే పనికి సోషల్ వర్క్, సోషియాలజీ, జర్నలిజం చదివినవాళ్లే ఎక్కువ కాలం నిలబడటం చూశాను. జువాలజీ వాళ్లు తాబేలు గుండెకి ఎన్ని గదులో చెబుతారు గానీ, జాలరి ఇంట్లో ఎన్ని గదులో గమనించరు. అందరూ కాదులెండి.

4. మొదటి పని సంపాదించడం

మొదటి పని పెద్ద నోటిఫికేషన్ ద్వారా రాదు. సీజన్ ద్వారా వస్తుంది. తాబేళ్ల సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా, అటవీ శాఖ రుషికుల్య ఒడ్డున ఊరి కుర్రాళ్లని పనిలో పెట్టుకుంటుంది. కుక్కల్ని, నక్కల్ని తరమాలి, వలకంచె కట్టాలి. గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజుల మధ్య పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురున్న వైపు పాకుతాయి. చీకటి రాత్రి సముద్రమే కాస్త తెల్లగా మెరుస్తుంది కాబట్టి వెనకటికి దారి తప్పేవి కావు. ఇప్పుడు ఊళ్ల లైట్లు, హైవే లైట్లు చూసి ఒడ్డు మీదికి వెళ్లిపోతాయి. వాటిని కంచె దగ్గర బకెట్లలో ఏరి, నీళ్ల దగ్గర ఇసుక మీద వదలాలి. నీళ్లలో పడేయకూడదు, పాకనివ్వాలి.

ఈ పనికి బరంపురం ఫారెస్ట్ డివిజన్ ఆఫీసుకి డిసెంబర్‌లోనే అర్జీ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, ఏ ఊరు, ఏ భాషలొచ్చు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు. "ప్రకృతి అంటే నాకు ప్రాణం" అని రాయకండి. మీ నోట్‌బుక్‌లో రెండు పేజీలు జిరాక్స్ తీసి జతచేయండి. ఒక కాపీ మీద స్టాంపు వేయించుకుని దాచుకోండి, ఇది జీవితాంతం పనికొచ్చే అలవాటు.

రుషికుల్య మీద దక్షిణ్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి తాబేళ్ల లెక్కలు నడుపుతున్నాయి. ఊళ్లలోనే పుట్టిన రక్షణ సమితులూ ఉన్నాయి. వీళ్లకి పరిశోధకుల వెంట నడిచే స్థానిక సహాయకులు కావాలి. శాస్త్రవేత్త బివాష్ పాండవ్ 1994లో ఈ గూళ్ల తీరాన్ని శాస్త్రలోకం దృష్టికి తెచ్చారు. ఊరి జాలరికి అది కొత్త సంగతి కాదు. పరిశోధనకి అవసరమయ్యేది ఈ ఊరి జ్ఞానమే. మీరు ఆ ఊరివాళ్లయితే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

తీరానికి దూరంగా ఉన్నవాళ్లకి ఇంకో దారి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్లో ఉన్న చెట్లు, విత్తనాలు, మందు మొక్కలు, చేపలు, పశువుల జాతులు అన్నీ ఒక రిజిస్టర్లో రాయాలి. కమిటీ చాలాచోట్ల కాగితం మీదే ఉంటుంది. సర్పంచ్ దగ్గరికి వెళ్లి, రిజిస్టర్ చూపించమని అడగండి. ఉంటే, అందులో మీ నాయనమ్మ చెప్పే వరి రకాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పూరించి ఇవ్వండి. ఈ పని చేసిన పిల్లల్ని తర్వాత ప్రాజెక్టులవాళ్లు వెతుక్కుంటూ రావడం నేను చూశాను.

5. ఊళ్లో మాట్లాడటం

ఉద్యోగం వచ్చాక అసలు పని ఇది. నేర్పేవాళ్లు లేరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీటింగ్ ఎప్పుడు పెట్టాలి? ఆఫీసు టైమ్‌లో కాదు. జాలరి పేటలో పొద్దున్న బోట్లు ఒడ్డెక్కి చేప అమ్ముడయ్యేదాకా మిమ్మల్ని ఎవరూ చూడరు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నీడలో వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, అప్పుడు వెళ్లండి. బ్యానర్ కట్టకండి, కుర్చీ అడగకండి, కింద కూర్చోండి. ముందు కులపెద్దకి కబురు పెట్టండి, ఆయన లేకుండా పెట్టిన మీటింగ్‌కి పిల్లలూ కుక్కలే వస్తాయి. సవర ఊళ్లయితే సంత రోజు, చర్చి రోజు వదిలేయండి.

ఏం మాట్లాడాలి? తాబేలుతో మొదలుపెట్టకండి. నేను మొదలుపెట్టి బుద్ధి తెచ్చుకున్నాను. మొదటి మీటింగ్‌లో ఇంట్లో బట్టీపట్టిన ఉపన్యాసం, "సముద్ర పర్యావరణ సమతుల్యతలో కూర్మాల పాత్ర" అని ఎత్తుకున్నాను. రెండు నిమిషాలయ్యాక ఒక పెద్దాయన వల పక్కన పెట్టి అడిగాడు: "ఏటి బాబూ, తాబేలుకి ఏడు నెల్లు సెలవిచ్చారు సరే, మా పిల్లల కూటికేటి సెప్తావు?"

ఆయన లెక్క తప్పు కాదు. నవంబర్ 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య ముఖద్వారాల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట మీద ఆంక్షలుంటాయి. దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా బోట్ల నిషేధం ఉంటుంది. నా దగ్గర జవాబు లేదు. "తెలీదు బాబాయ్, కనుక్కుని వస్తాను" అన్నాను. ఆ పూట నేను అన్న మాటల్లో పనికొచ్చింది అదొక్కటే.

కనుక్కుంటే, నిషేధం వల్ల నష్టపోయే కుటుంబాలకి ప్రభుత్వం జీవనభృతి సాయం ఇస్తుంది, కానీ ఆ పేటలో చాలామందికి రావడం లేదు. ఎందుకో తేల్చడానికి ఒక ఆఫీసుకి ఐదుసార్లు తిరిగాను. చివరికి తేలింది ఏమిటంటే, మన ఇంటిపేర్లు. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా వాళ్లు వెనక రాస్తారు. ఆధార్‌లో ఒక వరస, బ్యాంకు పుస్తకంలో ఇంకో వరస, లిస్టులో మూడో వరస. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. లిస్టు తయారుచేసినవాళ్లు పేట మొహం చూడకుండా ఆఫీసులోనే కూర్చుని రాశారని నాకు ఇప్పటికీ కోపం. రెండోసారి పేటకి వెళ్లినప్పుడు నేను ఉపన్యాసం తీసుకెళ్లలేదు, దిద్దుబాటు ఫారాలు తీసుకెళ్లాను. మూడోసారి వాళ్లే తాబేళ్ల సంగతి ఎత్తారు.

కాబట్టి వరస ఇది: మొదటి రోజు వినండి, రాసుకోండి. రెండో రోజు వాళ్ల పని ఒక్కటైనా చేసుకుని వెళ్లండి, చిన్నదైనా సరే. మీ మాట మూడో రోజున. అంత టైమ్ లేదని పై అధికారి అంటే, ఫొటో కోసమైతే ఒక్క రోజు చాలు సార్ అని మనసులో అనుకోండి, పైకి అనకండి.

మీ మాట వచ్చినప్పుడు నిజం చెప్పండి. తాబేలు ఊపిరి కోసం నీళ్ల పైకి రావాలి. పెద్ద ట్రాలర్ వల గంటల తరబడి అడుగున ఈడుస్తుంటే, అందులో ఇరుక్కున్నది ఊపిరాడక చస్తుంది. తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న వలలు ఉన్నాయి, వాటిని ట్రాలర్లు వాడాలని నియమమూ ఉంది. ట్రాలర్ పెట్టే నష్టాన్నీ, ఒడ్డున చిన్న బోటువాడి నష్టాన్నీ ఒకే గాటన కట్టకండి. ఆ తేడా బయటివాడి నోట వినాలని పేట ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. అయితే చిన్న వలల్లోనూ తాబేళ్లు పడతాయి, ఆ మాటా దాచకండి. వాళ్లకి తెలుసు, మీరు దాస్తే మీకు తెలియదనుకుంటారు.

శ్రీకూర్మం పేరు ఎత్తొచ్చా అని అడుగుతారు. ఎత్తొచ్చు, మనవాళ్లకి కూర్మనాథుడంటే భక్తి ఉంది. కానీ దేవుడి పేరుతో బెదిరించినట్టు ఉండకూడదు. ఆ భక్తి మీకంటే వాళ్లకే ఎక్కువ, వలలో పడిన తాబేలుకి దణ్ణం పెట్టి వదిలేసేవాళ్లని ఎంతమందినో చూశాను. భేట్నోయి వైపు సంగతీ అంతే. కృష్ణజింకలు పొలంలో తిరిగితే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం, పంట మేసినా తరమరు. అక్కడికి పోయి "జింకల్ని కాపాడండి" అని పోస్టర్ అంటించిన ఒక పెద్దమనిషి నాకు తెలుసు. ఊరివాళ్లు ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపారు, మర్యాద తెలిసినవాళ్లు. అలాంటి చోట మన పని అడగడం, రాసుకోవడం, పంట నష్టం ఎవరికి ఎంత అయిందో లెక్క పైకి పంపడం.

ఏనుగుల ఊళ్లలో మాటలు ఇంకా పొదుపుగా ఉండాలి. అక్కడ మనిషి ప్రాణం సంగతి. గుంపుగా వెంటపడొద్దు, టపాకాయలతో ఉడికించొద్దు, సెల్ఫీకి పిల్లల్ని పోనివ్వొద్దు, ఇప్పసారా, ధాన్యం ఉన్న ఇంట్లో రాత్రి పడుకోవద్దు, రేంజ్ ఆఫీసుకి వెంటనే ఫోన్. పంట పోతే చదును చేయకముందే ఫొటో తీసి అర్జీ పెట్టాలి. ఇవి సవరలో చెప్పగలిగే మనిషిని వెంట తీసుకెళ్లండి, ఆ మనిషికి కూలి ఇవ్వండి. "మనవాడే కదా" అని ఊరికే తిప్పుకోవడం ఈ రంగంలో పాత జబ్బు.

బడిపిల్లలతో మాత్రం హాయి. క్లాసు గది చీకటి చేసి, ఒక మూల టార్చి పెట్టి, పిల్లల్ని తాబేలు పిల్లల్లా నేల మీద పాకమనండి. కాసేపటికి ఎదుటి మూలలో ఇంకా పెద్ద లైటు వెలిగించండి. అందరూ అటు తిరుగుతారు. "మీరంతా హైవే మీదికి వచ్చేశారు" అనండి. ఆ రాత్రి ప్రతి ఇంట్లో వరండా లైటు గురించి గొడవ జరుగుతుంది. ఎకో క్లబ్ ఉన్న బడులు పర్యావరణ దినం జూన్ 5, వనమహోత్సవం జూలై మొదటి వారం, వన్యప్రాణి వారం అక్టోబర్ 2 నుంచి 8, చిత్తడి నేలల దినం ఫిబ్రవరి 2, ఈ రోజులకి మనిషిని వెతుక్కుంటాయి. ముందే వెళ్లి హెడ్‌మాస్టారికి చెప్పి ఉంచండి.

6. పార్కు పని తక్కువ పని కాదు

నేనూ తక్కువే అనుకున్నాను, రెండేళ్లు చేశాక అభిప్రాయం మారింది. అడవికి వెళ్లలేని ముసలివాళ్లు, గర్భిణులు, స్కూలు ఎగ్గొట్టిన పిల్లలు, అందరూ పార్కుకి వస్తారు. బరంపురంలో రామలింగం చెరువు పార్కులో సాయంత్రం ఒక గంట కూర్చుంటే తెలుగు, ఒడియా, హిందీ మూడూ వినపడతాయి. అన్నిటికన్నా తేలిగ్గా మనుషులతో మాట కలిసేది అక్కడే.

పార్కు ఉద్యోగాలు నగరపాలక సంస్థ, పురపాలక సంఘం, అటవీ శాఖ, కొన్నిచోట్ల కాంట్రాక్టర్ల చేతిలో ఉంటాయి. ఉద్యానశాస్త్రం డిప్లొమా ఉంటే మంచిది. నర్సరీ పని చేతికి వచ్చి ఉండాలి: అంటు కట్టడం, మట్టి కలపడం, పురుగుని కనిపెట్టడం. ఇంకోటి, చెట్టు ఎంపిక. 2013 అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటిన మర్నాడు బరంపురం వీధులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ గజపతి కొండల్ని అలాగే చేసింది. అందంగా పూస్తుందని తురాయి వరసలు నాటితే కొమ్మలు ముందు విరిగేవి అవే. వేప, నేరేడు, కానుగ, పొన్న లాంటివి నెమ్మదిగా పెరుగుతాయి, రిబ్బన్ కత్తిరించేవాళ్లకి అందుకే నచ్చవు. వాళ్లని ఒప్పించడమే పార్కు ఉద్యోగంలో అసలు నైపుణ్యం. సముద్రం ఒడ్డున సరుగుడు గురించి కూడా ఆలోచించాలి: గాలికి అడ్డు నిజమే, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక దాకా తెచ్చి నాటితే వాటికి చోటుండదు.

చెట్టుకి బోర్డు పెడితే మూడు భాషల్లో పెట్టించండి. లాటిన్ పేరు నాలుగోది. మా పార్కులో "పొన్న" అని తెలుగులో చూసి ఒక ముసలమ్మ నిలబడిపోయి, వాళ్ల నాన్న ఆ గింజల నూనెతో దీపం పెట్టేవాడని గంటసేపు చెప్పింది. ఆ కబుర్లు కూడా రాసుకున్నాను.

7. పరీక్షలు, నడక

ఫారెస్ట్ గార్డు, ఫారెస్టర్ పోస్టులు ఒడిశాలో సబార్డినేట్ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా పడతాయి. రేంజర్, అసిస్టెంట్ కన్సర్వేటర్ పోస్టులు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా. అర్హత, వయసు, ఎత్తు ఏ నోటిఫికేషన్‌కి ఆ నోటిఫికేషన్ చదువుకోండి, కోచింగ్ సెంటర్ వాళ్ల మాట మీద ఉండొద్దు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ అయితే యూపీఎస్సీ, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, మ్యాథ్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, పశువైద్యం, వీటిలో ఒకటి ఉన్న డిగ్రీ గానీ, వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ గానీ కావాలి.

నడక పరీక్షని తేలిగ్గా తీసుకోవద్దు. ఫారెస్ట్ సర్వీస్‌కి నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాలి. గార్డు పోస్టులకీ నడక ఉంటుంది. బరంపురం నుంచి గోపాలపూర్ సుమారు 16 కిలోమీటర్లు. అక్కడిదాకా నడిచి, సముద్రంలో కాళ్లు తడపకుండా, సగానికి పైగా వెనక్కి నడవండి. తడిస్తే బొబ్బలెక్కుతాయి, అందుకే చెబుతున్నాను. కొత్త బూట్లతో పరీక్షకి వెళ్లకండి.

8. జీతం, ఇల్లు

మొదట్లో డబ్బు తక్కువ, అదీ నెలనెలా రాదు. ప్రాజెక్టు పనిలో చేరేముందు మొహమాటం లేకుండా నాలుగు అడగండి: ఎన్ని నెలలు, రోజుకూలీనా నెలజీతమా, రాత్రి డ్యూటీకి భోజనం, ప్రయాణం ఎవరివి, బోటులోనో అడవిలోనో దెబ్బ తగిలితే బీమా ఉందా. చివరిదానికి నీళ్లు నమిలితే ఆలోచించుకోండి. పని అయిపోయిన రోజే అనుభవ పత్రం రాయించుకోండి, నెల దాటితే ఆ సార్ బదిలీ అయిపోతాడు.

ఇంట్లో వాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లల ఇంట్లో, రాత్రి గస్తీ అనగానే టెన్షన్ పడతారు. వాదించకండి. అమ్మనో నాన్ననో ఒక సాయంత్రం మీతో ఒడ్డుకి తీసుకెళ్లండి. మా చెల్లెలి వరస అమ్మాయి ఒకతె అలాగే వాళ్ల నాన్నని తీసుకెళ్లింది. ఆయన ఆ తర్వాత మూడేళ్లు ప్రతి సీజన్‌కి వచ్చి, మాకంటే ముందే టార్చీలో బ్యాటరీలు మార్చేవాడు.

9. మొదటి రాత్రికి సంచి సర్దుకోవడం

అనుమతి కాగితం, దాని జిరాక్స్. సముద్ర తాబేళ్లు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకున్నా నేరమే, సరదాకి వచ్చామంటే ఎవరూ ఒప్పుకోరు. ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టిన టార్చి, తెల్ల లైటు వేస్తే ఒడ్డెక్కే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. గుడ్డ టేపు, పెన్సిళ్లు రెండు, నోట్‌బుక్‌కి ప్లాస్టిక్ కవరు. ముదురు రంగు చొక్కా. అత్తరు, సెంటు వద్దు. నీళ్లు రెండు లీటర్లు, అటుకులో మరమరాలో కాస్త, పులిహోర అయితే చేతులు కడుక్కోవడానికి నీళ్లు అయిపోతాయి. ఇసుక మీద చెప్పులతో వేగంగా నడవలేరు, చెప్పులు లేకుండా నడిస్తే విరిగిన సీసాలుంటాయి, పాత కాన్వాస్ బూట్లు మంచివి. తాబేలు కనిపిస్తే దాని మొహం ముందుకి వెళ్లకండి, వెనక నుంచి, దూరంగా, కింద కూర్చుని చూడండి. గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక అది కదలదు కదా అని మీద చేయి వేసి ఫొటో దిగేవాడు మీ గుంపులో ఒకడుంటాడు, వాణ్ణి ముందే గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి రాత్రి బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు, గంజాం నుంచి ఆటో కుర్రాణ్ణి సాయంత్రమే మాట్లాడుకుని, తెల్లారి ఎన్నింటికి రావాలో చెప్పి నంబర్ తీసుకోండి.